నత్తల బావ అడిగినంత

జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేస్తే రెండో నిమిషానికే పోట్లాడుకుంటాం కాబట్టి ఉత్తరాలే మేలని మనం పెట్టుకున్న ఏర్పాటు బాగానే నడుస్తోంది. కాగితం మీద నువ్వు ఎంత అరిచినా నాకు వినపడదు.

ఇక్కడ లాండ్రీ ఎప్పటిలాగే ఉంది. పెద్ద మెషీను మాత్రం తిరగడం మొదలుపెడితే పక్క గోడ దాకా నడుచుకుంటూ పోతోంది. కింద చెక్కముక్కలు పెట్టాను, అయినా ఆగలేదు. చివరికి మన ఇస్త్రీ పెద్దాయన్ని దాని మీద కూర్చోమన్నాను. "అమ్మా, నేను పనికొచ్చింది ఇస్త్రీకా, గుర్రపు స్వారీకా?" అంటాడు. కొత్తది కొనడానికి డబ్బు దాదాపు పోగైంది. నువ్వు నెలనెలా పంపేదీ, నేను గల్లాపెట్టెలోంచి తీసి దాచేదీ కలిపితే సరిపోయేలా ఉంది. వచ్చే నెల కొనేద్దామనుకుంటుంటే, ఇదిగో, బావగారు దిగారు.

అవును, మన నత్తల బావే. అక్క పోయిన తర్వాత ఈ నాలుగేళ్ళలో ఆయన మన గడప తొక్కడం ఇదే మొదటిసారి. రెండు బస్సులు మారి వచ్చారు. కౌంటరు దగ్గర నిలబడి వెనకొచ్చిన వాళ్ళందరికీ దారిచ్చారు. దుప్పట్లావిడ వెళ్ళింది, హోటలు మేనేజరు వెళ్ళాడు, అప్పుడు దగ్గరికొచ్చి, రేట్ల బోర్డు చదివినట్టు ఒక్క గుక్కలో చెప్పేశారు. కాలేజీలో ఆయన విభాగం ఎత్తేశారట. జీతం లేదు. నత్తల మీద రాస్తున్న పుస్తకానికి ఇంకొక్క వానాకాలం పని మిగిలి ఉందట. పాత సున్నపు గోడల మీద బతికే నత్తలు వానలకే కదా బయటికొచ్చేది! ఆ గోడలేమో ఒక్కొక్కటీ పడగొట్టేస్తున్నారట. ఈసారి లెక్కపెట్టకపోతే ఇక లెక్కపెట్టడానికి గోడలే ఉండవట. వానలు వెళ్ళేదాకా అద్దెకీ తిండికీ ఇంత కావాలి అని ఒక మొత్తం చెప్పారు. మన మెషీను డబ్బులో అది సరిగ్గా సగం.

"తిరిగి ఎప్పుడిస్తానో చెప్పలేను. ఇస్తానని మాత్రం చెప్పగలను" అన్నారు. ఆలోచించి చెప్తానన్నాను. డబ్బు ఇద్దరిదీ. నువ్వేమంటావో రాయి.

అన్నట్టు, ఆవిరి గొట్టం తగిలి నా చెయ్యి కొంచెం కాలింది. ఏమీ లేదు.

నీ చిన్నక్క


జూన్ 8

చిన్నక్కా,

ముందు చెయ్యి సంగతి. నువ్వు "కొంచెం" అన్నావంటే మోచేతి దాకా కాలి ఉంటుంది. "ఏమీ లేదు" అన్నావంటే కట్టు కట్టించుకుని ఉంటావు. నేనూ ఆ ఇంట్లోనే పుట్టాను, నాకు చెప్పకు. పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పాల్సింది చెప్పాను.

ఇక్కడ నేను రిపేరు చేస్తున్న పన్నెండంతస్తుల ఆఫీసు లిఫ్టు మొండికేసి కూర్చుంది. నిన్న ఒకాయన రెండంతస్తుల మధ్య ఇరుక్కుని, లోపల్నుంచి నన్నూ మా కంపెనీనీ కలిపి ఉతికేశాడు. తీరా తలుపు తెరిచాక అమాంతం కౌగిలించుకుని వదల్లేదు. నా ఒంటి మీది గ్రీజంతా ఆయన కోటుకి. ఆ కోటు తిరిగి తిరిగి నీ లాండ్రీకి వస్తే మరక ఎలా పడిందని మాత్రం అడక్కు.

ఇక బావ. అమ్మ లెక్క మర్చిపోయావా? మనింట్లో కావాల్సింది మొత్తం అడగడమంత సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు. ఆకలేస్తే "ఒక్క ముద్ద చాలు" అనాలి, వడ్డించేవాళ్ళు రెండు వెయ్యాలి. కష్టమొస్తే సగమే చెప్పాలి. సుఖంగా ఉంటే మాత్రం రెండింతలు చేసి చెప్పాలి, లేకపోతే ఇంట్లోవాళ్ళు బెంగపెట్టుకుంటారు. వినేవాళ్ళు దాని ప్రకారం పెంచుకోవడమో, తుంచుకోవడమో చెయ్యాలి. పెద్దక్క పదిహేడేళ్ళు కాపురం చేసిందే, ఆ లెక్క ఆయనకి అంటకుండా ఉంటుందా? పైగా ఎన్నడూ నోరు తెరిచి ఎవర్నీ ఏమీ అడగని మనిషి. సగం అడిగాడంటే ఆయనకి కావాల్సింది మెషీను డబ్బు మొత్తం!

అసలు ఆయనకెందుకివ్వాలో చెప్పు. పెళ్ళైన కొత్తలో పెద్దక్క మనింటికొస్తే ఎలా ఉంది? బుగ్గలు పీక్కుపోయి, గాజులు మోచేతి దాకా జారిపోతూ! అమ్మ "తిండి సరిపోతోందా?" అంటే "బాగా తింటున్నానమ్మా" అంది. అమ్మ అది సగం చేసుకుని విని, వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఆ ఏడుపు నేను చూశాను. నత్తలకి రోజూ తాజా క్యాబేజీ ఆకులు కొనే మనిషి మన అక్కకి కడుపునిండా పెట్టలేకపోయాడు. ఇప్పుడు ఆ నత్తలకే మన డబ్బు కావాలా? తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

నాకైతే ఇవ్వాలని లేదు. కనీసం మొత్తం ఎంతో ఆ నోటితోనే చెప్పమను.

నీ తమ్ముడు


జూన్ 14

తమ్ముడూ,

నీకు బుద్ధనేది ఉందా? పెద్దాయనకి నువ్వేం చెప్పావో గానీ, పొద్దున్నే ఆస్పత్రి వ్యాను తీసుకొచ్చి షాపు ముందు ఆపాడు. ఇద్దరు మనుషులు స్ట్రెచరు పట్టుకుని లోపలికొచ్చి "పేషెంటు ఎక్కడ?" అని నన్నే అడిగారు. నా చేతి మీద బొబ్బ చిటికెన వేలి గోరంత. వాళ్ళిద్దరూ దాన్ని చూశారు, నన్ను చూశారు, వ్యాను కిరాయి పుచ్చుకుని వెళ్ళిపోయారు. వీధి వీధంతా అరుగుల మీదే ఉంది. నేను కొంచెం అంటే కొంచెమేరా బాబూ!

దీనికి తోడు మెషీను మళ్ళీ పరువు తీసింది. హోటలు వాళ్ళ తెల్ల గలీబుల్లో ఎవరిదో ఎర్ర మేజోడు దూరి, అన్నీ గులాబీ రంగుకి తిరిగాయి. మేనేజరు ఒకటి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసి, "బాగానే ఉన్నాయి గానీ, మేం అడిగింది ఇది కాదు" అన్నాడు. మళ్ళీ ఉతికి మళ్ళీ ఉతికి నా నడుం విరిగింది.

నువ్వన్నట్టే బావగారికి ఫోన్ చేశాను. "మొహమాటపడకండి, మొత్తం ఎంతో చెప్పండి" అన్నాను. "మొత్తమే చెప్పానుగా" అన్నారు. అమ్మ కూడా అచ్చం ఇలాగే అనేది కదా, "ఇంతే చాలు, ఒట్టు, ఇంతే" అని. అందుకే వదల్లేదు. "అది సరే, అసలు మొత్తం ఎంత?" అని ఇంకోసారి అడిగాను. "సరేనమ్మా, నేను ఆలోచిస్తాను" అని పెట్టేశారు. నాలుగో రోజున ఒక కార్డు వచ్చింది. అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: "మీకు ఇబ్బందైతే అందులో సగం ఇచ్చినా చాలు."

సగంలో సగం! అమ్మ లెక్కలో సగంలో సగం అడిగినవాళ్ళెవరైనా ఉన్నారా? నాకు తెలిసి ఒక్కసారే. నాన్న షాపు తాకట్టు పెట్టి, అది విడిపించలేక మంచం పట్టినప్పుడు. నాకు భయమేస్తోందిరా. ఆ మనిషి ఏదో పెద్దదే దాస్తున్నాడు.

నీ చిన్నక్క


జూన్ 19

చిన్నక్కా,

వ్యాను కిరాయి నేనిస్తాను. బొబ్బకి మందు మాత్రం రాసుకో.

కార్డు సంగతి చదివాక నాకు కూడా పని మీద మనసు నిలవలేదు. ఇవాళ లిఫ్టు తలుపుల వైర్లు తారుమారు చేసి బిగించాను. మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంటే లిఫ్టు బదులు గోడ కనిపించి, ఎక్కేవాళ్ళు దండం పెట్టి వెనక్కి వెళ్ళిపోతున్నారు. మా సూపర్‌వైజరు నా మొహం చూసి టీ తాగి రమ్మని పంపించాడు.

ఆలోచిస్తే రెండే కనిపిస్తున్నాయి. ఒకటి, ఆయన ఎక్కడో వడ్డీకి తెచ్చి పీకల్దాకా మునిగిపోయాడు. రెండోది రాయాలంటే చెయ్యి రావడం లేదు. పెద్దక్క కూడా మొదట్లో "కొంచెం నీరసం" అనే అంది.

నాకు ఆయన మీద కోపం పోయిందని కాదు. పోలేదు. కానీ వాళ్ళ పెళ్ళి రోజు గుర్తొచ్చింది. ఫోటోకి నిలబడమంటే కోటు జేబులోంచి నత్త మెల్లగా పైకి పాకొచ్చింది, గుర్తుందా? దార్లో దొరికిందట, ఎండలో వదిలెయ్యడానికి మనసొప్పలేదట. అందరూ నవ్వుతుంటే పెద్దక్క తన రుమాలు తడిపి ఇచ్చింది. ఆయనకేమన్నా అయితే పెద్దక్క మనిషి అని చెప్పుకోడానికి మనకింకెవరున్నారు?

నువ్వు ఒక పూట షాపు పెద్దాయనకి ఒప్పజెప్పి వెళ్ళి రా. చెప్పకుండా వెళ్ళు. కిటికీ గట్టు మీద మందు సీసాలున్నాయేమో చూడు. వంటగదిలో డబ్బాలు ఖాళీగా ఉన్నాయేమో మూతలు తీసి చూడు. వాకిట్లో ఎవరన్నా అప్పులవాళ్ళు తచ్చాడుతుంటే మొహం గుర్తుపెట్టుకో. ఆయన ఏం చెప్పినా రెట్టింపు చేసుకుని విను. చూసినదంతా నాకు రాయి, నీ అలవాటు ప్రకారం సగం మింగెయ్యకు.

నీ తమ్ముడు


జూన్ 26

తమ్ముడూ,

వెళ్ళొచ్చాను. ముందే చెప్పేస్తున్నాను, కంగారుపడకు. ఆయనకి జబ్బూ లేదు, అప్పూ లేదు. నువ్వు ఊపిరి పీల్చుకో, తర్వాత చదువు.

సైకిల్ షాపు మీద ఆ రెండు గదులే ఇంకా. పదిహేడేళ్ళలో నేను వెళ్ళింది ఒకటి రెండుసార్లేగా, షాపు వదిలితేనా! మెట్లు ఎక్కుతుంటే రబ్బరు వాసన, పైకి వెళ్తే తడి మట్టి వాసన. ముందు గదిలో గోడ పొడుగునా బల్లలు, వాటి మీద తడి గుడ్డలు కప్పిన పళ్ళేలు. ఒక్కో గుడ్డ కింద ఒక్కో గోడ తాలూకు నత్తలు. ఒక్కోదాని వీపు మీద గోళ్ళరంగుతో చుక్కలు పెట్టి ఉన్నాయి, ఏది ఏదో తెలియడానికి. ఆ చుక్కలు పెట్టే పని అక్కదేనట. ఇప్పుడు ఈయన పెడుతున్నారు గానీ వంకరటింకరగా వస్తున్నాయని తనే చూపించి నవ్వారు.

నన్ను చూసి గాభరాపడ్డారు. కుర్చీ మీది పుస్తకాలు మంచం మీదికీ, మంచం మీది బట్టలు కుర్చీ మీదికీ మార్చి, కూర్చోమన్నారు. టీ తాగుతావా అంటే "అర కప్పు చాలు బావగారూ" అన్నాను. తిన్నావా అంటే "ఆకలేం లేదు, ఒక్క రొట్టె ముక్క ఇవ్వండి చాలు" అన్నాను. రెండు బస్సులు మారి, పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తాగకుండా వెళ్ళానా, కడుపు కాలిపోతోంది. ఆయన లోపలికెళ్ళి తెచ్చారు. అర కప్పు టీ. నిజంగా అర కప్పురా, కొలిచి పోసినట్టు! ఒక్క రొట్టె ముక్క. వెనక అలమారలో చూస్తే రొట్టెలు, గుడ్లు, పళ్ళు, డబ్బాల నిండా సరుకులు. నువ్వు మూతలు తీసి చూడమన్నావు గానీ తీయక్కర్లేకుండానే కనిపిస్తున్నాయి.

అది మూడు కొరుకుల్లో అయిపోయింది. కప్పు ఖాళీ. ఆయన ఎదురుగా కూర్చుని నత్తల గురించి ఎంతో ప్రేమగా చెప్తున్నారు. నేను కప్పు ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఊహూఁ. మా అక్కని ఇలాగే మాడ్చాడన్న మాట అని కడుపు మండి, ఇక ఉండబట్టలేక, "ఇంకొంచెం కావాలా అని అడగరా మీరు?" అనేశాను.

ఆయన చెప్పేది ఆపేశారు. నన్ను చూశారు, ఖాళీ పళ్ళెం చూశారు. "ఓహో! నువ్వూనా?" అన్నారు.

ఆ తర్వాత చెప్పారు. పెళ్ళైన కొత్తలో అక్క "ఒక్కటి చాలు" అంటే ఈయన ఒక్కటే పెట్టేవారట. "అర కప్పు" అంటే అర కప్పే. అడిగినదానికంటే ఎక్కువ పెడితే అవతలి మనిషి మాట మీద గౌరవం లేనట్టు కదా అని ఈయన ఆలోచన. నిజంగానే అలా పెరిగారట. మన అక్క రోజురోజుకీ చిక్కిపోతుంటే హడలిపోయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారట. డాక్టరు చూసి "ఈ అమ్మాయికి రోగమేం లేదు, తిండి చాలడం లేదు" అన్నాడట. ఇంటికొచ్చాక పెద్ద గొడవ.

"ఎందుకు తినవు?"

"పెడితేగా తినేది!"

"నువ్వు ఒక్కటి చాలన్నావుగా!"

"చాలంటే పెట్టడం మానేస్తారా ఎవరైనా?"

"చాలంటే చాలని కాదా?"

అక్క రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజున పళ్ళెం తెచ్చి ఆయన ముందు టక్కున పెట్టి, "నాకు బాగా ఆకలేస్తోంది. నిండా పెట్టండి" అందట. అనేసి సిగ్గుతో తలుపు చాటుకి పోయిందట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన కళ్ళు చూడాలి నువ్వు. "అంత కష్టపడి ఎవరూ నన్నేమీ అడగలేదమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కావాల్సింది కావాల్సినంత అడగడమే. లేకపోతే లేదని చెప్పడమే. ఎవరూ నొచ్చుకోకూడదు. మనింటికొచ్చినప్పుడు మాత్రం అమ్మ చిన్నబుచ్చుకోకుండా మళ్ళీ "ఒక్క ముద్ద చాలు" అనేదట. దార్లో బస్సులోనే దాన్ని సాధన చేసేదట, మర్చిపోతానేమోనని!

నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు. అప్పుడు నోరు పెగుల్చుకుని, "బావగారూ, నాకు ఇంకో రెండు రొట్టె ముక్కలూ, రెండు గుడ్లూ, నిండా టీ కావాలి" అన్నాను. నా చెవులు వేడెక్కిపోయాయి. ఆయన లేచి అన్నీ తెచ్చారు. కడుపారా తిన్నాను.

డబ్బు సంగతీ అంతేరా. ఆయన అడిగింది మొత్తమే. దానికి ఒక్క రూపాయి తక్కువా కాదు, ఎక్కువా కాదు. నేను తిప్పి తిప్పి "మొత్తం ఎంత?" అంటుంటే, తను ఎక్కువ అడిగారని నేను దెప్పుతున్నాననుకున్నారట. అందుకే ఆ కార్డు. "సగమే ఇస్తే ఏం చేస్తారు?" అన్నాను. "సగం గోడలు లెక్కపెడతాను. మిగిలిన సగం గురించి తెలియదని పుస్తకంలో రాస్తాను" అన్నారు. లేదంటే తన అన్నగారి గోడౌన్లో పనికి కుదిరి, నత్తల్ని ఆ గోడల దగ్గరే వదిలేసి వచ్చేస్తారట. అదీ కోపంగా కాదు, ఇంకో దారి అన్నట్టు చెప్పారు.

ఇచ్చేద్దామని నాకుంది. ఆయన అడిగినంత ఇస్తే ఇంకా సగం మిగులుతుంది. దాంతో మెషీనుకి కొత్త డ్రమ్మూ, కాళ్ళూ వేయించుకోవచ్చని మెకానిక్కు చెప్పాడు. పెద్దాయన స్వారీ దిగితే చాలు. కానీ డబ్బు నీది కూడా. ఆ మనిషి మీద కోపం నీది. వద్దంటే వద్దను, నేను నొచ్చుకోను. ఏదన్నా పూర్తిగా రాయి.

నీ చిన్నక్క


జూలై 1

చిన్నక్కా,

నీ ఉత్తరం లిఫ్టు మోటారు గదిలో కూర్చుని చదివాను. కింద ఎవరో లిఫ్టు రావడం లేదని గంట కొడుతూనే ఉన్నారు. కొట్టనీ అని ఇంకోసారి చదివాను.

నేను పద్నాలుగేళ్ళ వయసులో మొదలుపెట్టిన కోపం ఇది. పెద్దక్క ఎప్పుడు తలపుకొచ్చినా ముందు ఆ జారిపోయే గాజులే కనిపించేవి. ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఫోన్లో "నా గురించి ఏడవకురా, నేను హాయిగా బతికాను" అంది. నేను ఏం చేశానో తెలుసా? సగానికి కోసేసుకున్నాను. పాపం, ఆ కాస్త సుఖాన్నే మనకోసం ఇంత చేసి చెప్తోంది అనుకున్నాను. ఈ నాలుగేళ్ళూ ఆ సగమే మోసుకు తిరిగాను. సగం తిని, సగం నవ్వి, సగం బతికి పోయిందనుకున్నాను.

అలా కాదన్న మాట! ఆవిడకి ఆ ఇంట్లో లెక్క వేరే. హాయిగా అంటే హాయిగానే! పళ్ళెం టక్కున పెట్టి నిండా పెట్టమని అడిగిందట మన పెద్దక్క! అమ్మకి తెలిస్తే సిగ్గుతో చచ్చేది, తర్వాత లోపలికెళ్ళి సంతోషంతో ఏడ్చేది. నేనైతే ఇక్కడే ఏడ్చాను. మా సూపర్‌వైజరు వచ్చి ఎవరన్నా పోయారా అని కంగారుగా అడిగాడు. పోలేదు సార్, ఇన్నాళ్ళకి గుండెల మీంచి బండ దిగింది అన్నాను. ఆయనకేం అర్థమవుతుంది, అయినా ఆ పూట సెలవిచ్చాడు.

ఇచ్చెయ్యి చిన్నక్కా. అడిగినంతా ఇచ్చెయ్యి, ఇవాళే ఇచ్చెయ్యి, వానలు మొదలైపోతాయి. పుస్తకానికి కాదు, నత్తలకీ కాదు. మన అక్కకి కడుపునిండా పెట్టిన మనిషికి ఇస్తున్నామని చెప్పు.

నీ తమ్ముడు